కంప్యూటర్ హోరు తగ్గాలంటే ఏ ఫ్యాన్ కొనాలి? డబ్బా మీద రాసిన డెసిబెల్స్‌ని నమ్మి కొంటే ఏమవుతుంది?

పోయిన వేసవిలో మా సిస్టమ్ రాత్రి పదకొండు దాటాక గరగరమనడం మొదలుపెట్టింది. పగలంతా వీధిలో బండ్లు, ఇంట్లో టీవీ, వాటి కింద అది అణిగిపోయేది, ఊరు సద్దుమణిగాక మాత్రం పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్నా సరే ఆ ఒక్క శబ్దమే గదంతా నిండేది. మాది హనుమకొండలో రెండు గదుల ఇల్లు. నేను రాత్రి షిఫ్టు ఇంటి నుంచే చేస్తాను, సిస్టమ్ ఉన్న గదిలోనే అమ్మ పడుకుంటుంది, ఆమెకు ఒకసారి మెలకువ వచ్చిందంటే మళ్లీ తెల్లారేదాకా నిద్ర పట్టదు. "ఏంది బిడ్డా ఆ సప్పుడు, పిండిగిర్ని నడిచినట్టు" అని రెండు రోజులు అడిగింది, మూడో రోజు ఏమీ అనకుండా దిండు, దుప్పటి తీసుకుని వంటింట్లోకి వెళ్లి పడుకుంది.

మర్నాడే షాపుకు వెళ్లి కొత్త ఫ్యాన్ తెచ్చాను. డబ్బా మీద 18 డెసిబెల్స్ అని ఉంది, పక్కనున్న దాని మీద 26 అని ఉంది, తక్కువ ఉన్నది తీసుకున్నాను. బిగించి ఆన్ చేస్తే గరగర పోయింది గానీ, దాని చోట ఒక హోరు వచ్చింది, ఆ హోరులో సన్నగా గుయ్‌మని ఒక స్వరం, సిస్టమ్ ఖాళీగా ఉన్నా పని చేస్తున్నా ఒకటే తీరు. 18 అని రాసి ఉన్న ఫ్యాన్ ఎందుకు అలా మోగిందో తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. ఆ నెలలో నాకు అర్థమైంది ఏంటంటే, డబ్బాలో ఏ ఫ్యాన్ ఉన్నా, అది మన క్యాబినెట్‌లో (సిస్టమ్ భాగాలన్నీ ఉండే రేకు పెట్టెలో) ఎంత నెమ్మదిగా తిరిగి పని గట్టెక్కించగలదు అన్నదాని మీదే చప్పుడంతా ఆధారపడి ఉంటుంది. మిగతావన్నీ ఆ నెమ్మదితనాన్ని సంపాదించుకునే దారులే.

ముందు అరిచేది ఏదో పట్టుకోవాలి

మామూలు డెస్క్‌టాప్‌లో సాధారణంగా మూడు ఫ్యాన్‌లు ఉంటాయి, ప్రాసెసర్ మీద ఒకటి, క్యాబినెట్ వెనక ఒకటి, సిస్టమ్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా లోపల ఒకటి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే దానికి ఇంకో రెండో మూడో. పాత రకం హార్డ్ డిస్క్ ఉంటే అదీ తిరిగేదే, దాని అదురు రేకు క్యాబినెట్‌కు పాకిందంటే అచ్చం ఫ్యాన్ చెడిపోయినట్టే వినిపిస్తుంది. వెనక ఫ్యాన్ మార్చేశాక కూడా చప్పుడు పోలేదని వాపోయేవాళ్లు చాలామంది ఉంటారు, తీరా చూస్తే అది ఎస్‌ఎంపీఎస్‌ది.

పట్టుకోవడానికి ఒక న్యూస్‌పేపర్ చాలు. గొట్టంలా చుట్టి, క్యాబినెట్ పక్క తలుపు తీసి, సిస్టమ్ నడుస్తుండగా ఒక చివర చెవికి ఆనించి, ఇంకో చివర ఒక్కో ఫ్యాన్ మధ్యభాగానికి ఎదురుగా రెండు అంగుళాల దూరంలో పెట్టి వినండి, రెక్కలకు మాత్రం తగలనివ్వొద్దు. ఏది మూలుగుతోందో, ఏది మంచిదో తేడా స్పష్టంగా తెలిసిపోతుంది. ఇంకా అనుమానం ఉంటే సిస్టమ్ ఆపి, ఆ ఒక్క క్యాబినెట్ ఫ్యాన్ వైరు పీకి, మళ్లీ ఆన్ చేసి రెండు నిమిషాలు వినొచ్చు. ప్రాసెసర్ ఫ్యాన్ వైరు మాత్రం అలా పీకొద్దు.

శబ్దం తీరు కూడా చాలా చెబుతుంది. టిక్ టిక్‌మని ఒకే లయలో వస్తుంటే ఏదో వైరు రెక్కకు రాసుకుంటోందేమో ముందు చూడండి, దాన్ని ఒక ట్యాగ్‌తో పక్కకు కట్టేస్తే పైసా ఖర్చు లేకుండా పోతుంది. ఆన్ చేసిన కొత్తలో గరగరమని, వేడెక్కాక సర్దుకుంటుంటే ఇరుసు తిరిగే చోటులో, అంటే బేరింగ్‌లో, నూనె ఎండిపోతోందని అర్థం, దానికి రోజులు దగ్గర పడ్డట్టే. మౌస్‌తో పేజీ పైకీ కిందికీ జరిపినప్పుడల్లా మారే సన్నటి కీచు అయితే అది ఫ్యాన్‌ది కాదు, గ్రాఫిక్స్ కార్డులోనో ఎస్‌ఎంపీఎస్‌లోనో ఉండే కాయిల్‌ది, ఎన్ని ఫ్యాన్‌లు మార్చినా పోదు.

ఇక ఉత్త హోరు అయితే ఫ్యాన్ ఆరోగ్యంగానే ఉన్నట్టు, వేడి దాన్ని పరుగెత్తిస్తోందన్నమాట. అప్పుడు కొత్తది కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మన ఇళ్లల్లో కంప్యూటర్ టేబుల్ అని అమ్మేవాటికి కింద సీపీయూ పెట్టుకోమని ఒక అర ఇస్తారు, మూడు వైపులా చెక్క, వెనక కూడా చెక్కే, వైర్ల కోసం ఒక చిన్న బెజ్జం. వెనక నుంచి బయటికి పోయిన వేడి గాలి పోవడానికి దారి లేక తిరిగి ముందుకే వస్తుంది, సిస్టమ్ తన వేడి తానే పీలుస్తుంది. దుమ్ము పడకూడదని పైన గుడ్డ కప్పి నడిపేవాళ్లు కూడా ఉన్నారు. ఆ అరలోంచి బయటికి తీసి, గోడకు జానెడు దూరంలో పెట్టి చూడండి. తర్వాత దుమ్ము. పూజ గదికి దగ్గర్లోనో వంటింటి గోడ పక్కనో ఉన్న సిస్టమ్‌లో దుమ్ము ఉత్త దుమ్ములా ఉండదు, అగరుబత్తి పొగ, పోపు ఆవిరి కలిసి హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) పళ్ల మధ్య మెత్తటి తెట్టులా పట్టేస్తుంది, ఊదితే పోదు, పెయింటింగ్ బ్రష్‌తో గీకాలి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే గాలికి అది తన హద్దు దాటి గిర్రున తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది.

నా సిస్టమ్‌లో గరగర వెనక ఫ్యాన్‌ది. విప్పి బల్ల మీద పెట్టి మధ్యలో ఉన్న స్టిక్కర్ నెమ్మదిగా లేపితే చిన్న రబ్బరు మూత, దాని కింద ఇరుసు, ఇరుసు చుట్టూ గోధుమరంగు జిగురు. ఏడాది కింద మా బాబాయి ఇదే ఫ్యాన్‌కి రెండు చుక్కల కొబ్బరినూనె వేశాడు, అది ఆ వేడికి చిక్కబడి బంకలా మారింది. తలుపు బందులకు వేసినట్టు కొబ్బరినూనె దీనికి వేయకూడదు. వేయాలంటే కుట్టు మిషన్ ఆయిల్ ఒక్క చుక్క, అది కూడా ఇలా మూత తెరుచుకునే రకానికే, మూసేసి సీలు చేసిన వాటికి కుదరదు. వేసినా కొన్ని వారాల ఊరటే, అరిగిన ఇరుసు మళ్లీ పెరగదు. ఈలోపు కొత్తది వెతుక్కోవచ్చు.

18 డెసిబెల్స్ అంటే ఎక్కడ కొలిచిన 18?

ఫ్యాన్ కంపెనీలు శబ్దాన్ని ప్రత్యేకంగా కట్టిన నిశ్శబ్దపు గదిలో, ముందు జాలీ లేకుండా, వెనక ఏమీ అడ్డం లేకుండా, ఒంటరిగా వేలాడదీసి, సాధారణంగా ఒక మీటరు దూరంలో కొలుస్తాయి. మన క్యాబినెట్‌లో దానికి ముందు డస్ట్ ఫిల్టరో, వెనక రేకుకు కొట్టిన చిల్లులో ఉంటాయి, పక్కన వైర్ల గుత్తి ఉంటుంది, గాలి వాటికి గుద్దుకుంటుంది. పైగా కొన్ని డబ్బాల మీద ఏ స్పీడు దగ్గర, ఎంత దూరంలో కొలిచారో ఏమీ ఉండదు, నేను కొన్నదాని మీద కూడా లేదు. అందుకే ఒక కంపెనీ రాసిన 18నీ ఇంకో కంపెనీ రాసిన 22నీ పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్య పోలికకు మాత్రం ఆ అంకె పనికొస్తుంది.

డెసిబెల్స్‌తో ఇంకో చిక్కు, అవి మామూలు కూడికకు లొంగవు. 20 డెసిబెల్స్ ఫ్యాన్‌లు రెండు పెడితే 40 కాదు, 23 అవుతుంది. పది పెరిగితే మన చెవికి సుమారు రెండింతల చప్పుడు అనిపిస్తుంది. ఇక మన ఇళ్ల సంగతి ఒకటి ఉంది, దీన్ని విదేశీ రివ్యూలు చూసి కొనేవాళ్లు మర్చిపోతారు. ఆ రివ్యూలు కిటికీలన్నీ మూసి, అద్దాలు బిగించిన చల్లటి దేశపు గదుల్లో కూర్చుని చేసినవి. మనకు ఏడాదిలో ఎక్కువ నెలలు నెత్తిన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, ఫుల్ స్పీడులో దాని చప్పుడు తేలిగ్గా 40 డెసిబెల్స్ దాటుతుంది. దాని కింద 18కీ 22కీ తేడా ఎవరికీ వినపడదు, ఆ నాలుగు డెసిబెల్స్ కోసం మూడింతల డబ్బు పెట్టడం అనవసరం.

సీలింగ్ ఫ్యాన్ కప్పేది మాత్రం తనలాంటి మెత్తటి గాలి హోరునే. గరగరని, టికటికని, ఒకే స్వరంలో సాగే గుయ్‌ని అది కప్పలేదు, చెవి వాటిని ఏరుకుని మరీ వింటుంది. ఆ గుయ్ ఎక్కడి నుంచి వస్తుందో లెక్క కట్టొచ్చు. నిమిషానికి 1500 సార్లు తిరిగే ఫ్యాన్ సెకనుకు 25 సార్లు తిరిగినట్టు. ఏడు రెక్కలుంటే, ఎదురుగా ఉన్న ఏ అడ్డాన్నైనా సెకనుకు 175 సార్లు రెక్క దాటుతుంది, దాటిన ప్రతిసారీ గాలి ఒక చిన్న దెబ్బ కొడుతుంది. అదే 175 హెర్ట్జ్ స్వరం. రేకు చిల్లులు రెక్కలకు మరీ దగ్గరగా ఉంటే ఆ స్వరం గట్టిపడుతుంది, ముఖ్యంగా గాలి పీల్చే వైపు అడ్డం ఉంటే. నేను కొన్న ఫ్యాన్‌కు జరిగింది ఇదే.

సగం స్పీడు, మూడో వంతు చప్పుడు

ఇక్కడ కాస్త ఆగి లెక్క చూడటం మంచిది, ఎందుకంటే కొనేటప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయాలన్నీ ఇందులోంచే వస్తాయి. ఫ్యాన్ స్పీడు సగానికి తగ్గిస్తే అది తోసే గాలి కూడా సుమారు సగం అవుతుంది. చప్పుడు మాత్రం సగంతో ఆగదు, దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది, అంటే చెవికి మూడో వంతు దగ్గరికి వస్తుంది. శబ్దశక్తి లెక్కలో అయితే ముప్పయ్యో వంతు. ఇప్పుడు సగం స్పీడులో తిరిగే ఫ్యాన్‌లు రెండు పెట్టండి, గాలి మొత్తం పాత ఫ్యాన్ ఇచ్చినంతే, రెండో ఫ్యాన్ కలిపినందుకు మూడు డెసిబెల్స్ పెరిగినా, మొత్తం మీద ఇంకా 12 తక్కువే. ఒక్కటే గట్టిగా తిరగడం కన్నా రెండు నెమ్మదిగా తిరగడం మేలు అన్నది ఇందుకే.

సైజు సంగతీ అంతే. 80 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్ నిమిషానికి 2500 సార్ల స్పీడులో తోసే గాలిని అదే తీరు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ లెక్క ప్రకారం 750 దగ్గరే తోసేస్తుంది. నిజంలో పెద్ద ఫ్యాన్‌ల మందం కూడా 25 మిల్లీమీటర్లే కాబట్టి అంత లాభం రాకపోవచ్చు, అయినా తేడా చాలా పెద్దది. 120కీ 140కీ మధ్య ఆ తేడా తగ్గుతుంది, ఉంటే 140 పెట్టుకోండి, లేకపోతే దిగులు పడాల్సిన పనిలేదు.

కొనే ముందు స్కేలు పెట్టి కొలవడం తప్పనిసరి. సైజు అంటే ఫ్రేమ్ అంచు నుంచి అంచుకు, స్క్రూ రంధ్రాల మధ్య దూరం కాదు, ఇక్కడ చాలామంది పొరబడతారు. 120 ఫ్యాన్‌కు రంధ్రాల మధ్య దూరం 105 మిల్లీమీటర్లు, 140కి 124.5, 92కి 82.5, 80కి 71.5. రంధ్రాల మధ్య 105 కొలిచి 'వంద సైజు ఫ్యాన్ ఇవ్వండి' అని అడిగితే షాపులో ఏదో ఒకటి అంటగడతారు.

మా క్యాబినెట్‌లో ముందు వైపు రెండు 120 ఫ్యాన్‌ల చోటు ఖాళీగా ఉండేది, కొన్నప్పటి నుంచి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. వెనక ఉన్న ఒక్క ఫ్యాన్ మొత్తం భారం మోస్తూ ఉండేది. ముందు రెండు పెట్టాక వెనకది 1500 నుంచి 750కి దింపినా వేడి పెరగలేదు. మీ సిస్టమ్‌లోనూ అలాంటి ఖాళీ చోటు ఉందేమో చూడండి. చెడిపోయిన దాన్ని మార్చడంతో పాటు పక్కన ఇంకోటి చేర్చడం చాలాసార్లు ఖరీదైన ఒక్క ఫ్యాన్ కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది.

విసనకర్రా, ఊదుగొట్టమా?

ఫ్యాన్ డబ్బా మీద ఇంకో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి గాలి పరిమాణం, సీఎఫ్‌ఎం అని, నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి తోస్తుందో అది. రెండోది స్టాటిక్ ప్రెషర్, మిల్లీమీటర్ల నీటి మట్టంలో చెబుతారు, అడ్డం వచ్చినా గాలిని ఎంత గట్టిగా నెట్టగలదో అది. విసనకర్రతో విసిరితే ఒళ్లంతా గాలి తగులుతుంది, కానీ దానితో పొయ్యిలో నిప్పు రాజేయలేం. దానికి ఊదుగొట్టం కావాలి, గాలి కొంచెమే, తోపు ఎక్కువ. ఫ్యాన్‌లలోనూ ఈ రెండు స్వభావాలు ఉంటాయి.

ఆస్ట్రియా కంపెనీ నాక్టువాకు 120 సైజులో రెండు పాత మోడళ్లు ఉన్నాయి, తేడా చూపించడానికి ఇంతకన్నా మంచి జంట దొరకదు. ఎన్‌ఎఫ్ ఎస్12ఏ 1200 స్పీడులో 63 సీఎఫ్‌ఎం గాలి, ప్రెషర్ 1.19. ఎన్‌ఎఫ్ ఎఫ్12 1500 స్పీడులో 55 సీఎఫ్‌ఎం, ప్రెషర్ 2.61. స్పీడు ఎక్కువైనా రెండోది తోసే గాలి తక్కువ, కానీ తోపు రెండింతలు పైనే. మొదటిది విసనకర్ర, వెనక నుంచి వేడి గాలి బయటికి పంపడానికి, అడ్డం లేనిచోట బాగుంటుంది. రెండోది ఊదుగొట్టం, డస్ట్ ఫిల్టర్ వెనక, దట్టమైన హీట్‌సింక్ మీద, నీళ్ల కూలర్ రేడియేటర్ మీద పనికొస్తుంది.

ఆ రెండు అంకెలూ ఒకేసారి దొరకవన్నది కూడా గుర్తుంచుకోవాలి. సీఎఫ్‌ఎం కొలిచేది అడ్డం బొత్తిగా లేనప్పుడు, ప్రెషర్ కొలిచేది గాలి బొత్తిగా కదలకుండా మూసేసినప్పుడు. మన క్యాబినెట్ ఆ రెండిటి మధ్య ఎక్కడో ఉంటుంది. పైగా స్పీడు సగం చేస్తే గాలి సగమే తగ్గుతుంది గానీ తోపు పావుకు పడిపోతుంది. నెమ్మదిగా తిప్పుకోవాలనుకునే మనకు ఇది ముఖ్యం, దుమ్ము పట్టిన ఫిల్టర్ వెనక నెమ్మదిగా తిరిగే విసనకర్ర రకం ఫ్యాన్ ఉన్నా లేనట్టే. మా ఊళ్లో దుమ్ముకు ఫిల్టర్ లేకుండా నడపలేం కాబట్టి ముందు వైపు నేను ప్రెషర్ 2 దాటిన రకమే పెట్టాను. ఆర్కిటిక్ పీ12 లాంటివి ఈ కోవలోకే వస్తాయి, 2.2 ప్రెషర్, 1800 దాకా స్పీడు, ధర కూడా సాధారణంగా వెయ్యి లోపే ఉంటుంది. నాక్టువా పైమోడల్ అయితే ఒక్కోటి మూడు వేల దగ్గరికి పోతుంది, ఆరేళ్ల వారంటీ ఇస్తారు, బాగుంటుంది, కానీ అదే డబ్బుతో మూడు మధ్యరకం ఫ్యాన్‌లు వస్తాయి. సీలింగ్ ఫ్యాన్ కింద బతికే ఇంట్లో నా ఓటు ఆ మూడింటికే.

బేరింగ్

కొన్న రోజు అన్ని ఫ్యాన్‌లూ మంచివే. ఏడాది తర్వాత ఎలా ఉంటుందో చెప్పేది బేరింగ్. చవకవాటిలో స్లీవ్ బేరింగ్ ఉంటుంది, ఇరుసు చుట్టూ నూనె తడి ఉన్న ఒక గొట్టం, అంతే. కొత్తలో భలే నిశ్శబ్దంగా ఉంటుంది, వేడికి నూనె ఆరిపోయాక గరగర. దాన్ని పడుకోబెట్టి, అంటే క్యాబినెట్ పైకప్పుకో అడుక్కో బిగిస్తే ఇంకా తొందరగా అరుగుతుంది. బాల్ బేరింగ్ వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ కాలం వస్తుంది, కాకపోతే మొదటి రోజు నుంచే సన్నటి శబ్దం ఉంటుంది, దగ్గర్లో నిద్రపోయేవాళ్లుంటే వద్దు. ఫ్లూయిడ్ డైనమిక్, కొన్ని డబ్బాల మీద ఎఫ్‌డీబీ అని రాస్తారు, ఇందులో తిరిగేటప్పుడు నూనె పొర ఒత్తిడితో ఇరుసును తేలుస్తుంది, నూనె బయటికి పోకుండా సీలు ఉంటుంది. మన ఎండలకు, మన నిద్రలకు రెండిటికీ సరిపోయేది ఇదే. 'హైడ్రాలిక్', 'సైలెంట్ బేరింగ్' లాంటి పేర్లు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుకుంటారు, చాలాసార్లు అది కాస్త మెరుగుపరిచిన స్లీవే. డబ్బా మీద బేరింగ్ రకం అసలు రాయలేదంటే స్లీవ్ అనుకోవడమే మంచిది.

పిన్‌లు చూడకుండా కొనొద్దు

నేను మొదట కొన్న ఫ్యాన్‌కు ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా కరెంటు తీసుకునే పెద్ద కనెక్టర్ ఉంది, మోలెక్స్ అంటారు. దానికి మదర్‌బోర్డ్‌తో, అంటే భాగాలన్నీ తగిలించే పెద్ద బోర్డుతో, మాటే లేదు, 12 వోల్టులు వస్తున్నంతసేపు ఫుల్ స్పీడే. రంగు లైట్ల ఫ్యాన్‌లు పెట్టి అమ్మే చవక క్యాబినెట్లలో చాలావరకు ఈ రకమే.

మదర్‌బోర్డ్‌కు తగిలించే వాటిలో మూడు పిన్‌లవి, నాలుగు పిన్‌లవి ఉంటాయి. మూడు పిన్‌లలో గ్రౌండ్, 12 వోల్టులు, స్పీడు చెప్పే వైరు. దీని స్పీడు తగ్గించాలంటే వోల్టేజి తగ్గించాలి, మరీ తగ్గిస్తే ఆగిపోతుంది. నాలుగో పిన్ ఉంటే దాని మీద మదర్‌బోర్డ్ సెకనుకు సుమారు 25,000 సార్లు ఆన్, ఆఫ్ అని సైగ చేస్తుంది, ఆన్ ఉన్న పాలు ఎంతో దాన్ని బట్టి ఫ్యాన్ స్పీడు మారుతుంది. దీన్నే పీడబ్ల్యూఎం అంటారు. ఆ 25,000 మన చెవి అందుకోలేని ఎత్తు, కావాలనే అలా పెట్టారు. నెమ్మదిగా, నిలకడగా తిప్పాలంటే నాలుగు పిన్‌లదే తీసుకోండి. మూడు పిన్‌లది నాలుగు పిన్‌ల చోట పడుతుంది, నడుస్తుంది, కానీ బయోస్‌లోకి (సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు తెరవగలిగే సెట్టింగ్‌ల పేజీలోకి) వెళ్లి ఆ హెడర్‌ను, అంటే బోర్డు మీద ఫ్యాన్ తగిలించే చోటును, వోల్టేజితో స్పీడు మార్చే డీసీ మోడ్‌కు మార్చకపోతే ఫుల్ స్పీడులో ఊగిపోవచ్చు. చాలామంది 'కొత్త ఫ్యాన్ మోత' అనుకునేది ఈ ఒక్క సెట్టింగ్ వల్లే. హెడర్‌లు చాలకపోతే రెండు ఫ్యాన్‌లను ఒకే హెడర్‌కు కలిపే స్ప్లిటర్ వైరు దొరుకుతుంది, మామూలు హెడర్ ఒక ఆంపియర్ దాకా ఇస్తుంది కాబట్టి స్టిక్కర్ల మీద ఆంపియర్లు కూడి చూసుకోండి.

పెద్ద కంపెనీల ఆఫీసు డెస్క్‌టాప్‌లు, సెకండ్ హ్యాండ్‌లో చవకగా వస్తాయే అవి, కొన్నిటిలో కనెక్టరే వేరు. ఐదు పిన్‌లో, పిన్‌ల వరస మారిందో ఉంటుంది, బజారు ఫ్యాన్ పెడితే ఆన్ చేసిన ప్రతిసారీ ఫ్యాన్ ఎర్రర్ అని నిలదీస్తుంది. వాటికి పాత ఫ్యాన్ మీది పార్ట్ నంబర్ ఫోటో తీసుకుని అదే వెతుక్కోవడం ఉత్తమం.

డిసెంబర్‌కు ఒకటి, మే నెలకు ఒకటి

మంచి ఫ్యాన్ కొన్నా, బయోస్‌లో దాని స్పీడు ఎలా పెరగాలో చెప్పకపోతే సగం డబ్బు వృథా. ప్రాసెసర్ వేడి క్షణక్షణం మారుతుంది, ఒక వెబ్‌పేజీ తెరిస్తే ఒక్క ఉదుటున 15 డిగ్రీలు ఎగిరి మళ్లీ దిగుతుంది. ఫ్యాన్ దాని వెంట పరుగెత్తితే ఊఁ అని లేచి తగ్గి, లేచి తగ్గి, నిద్రలో ఉన్నవాళ్లను లేపేది ఆ ఎగుడుదిగుడే, ఒకే తీరుగా ఉండే చప్పుడుకు చెవి అలవాటు పడుతుంది. అందుకే 60 డిగ్రీల దాకా ఫ్యాన్ కదలకుండా ఒకే నెమ్మది స్పీడులో ఉండేలా, ఆపైన మెల్లగా ఎక్కేలా, 85 దగ్గర ఫుల్‌కు చేరేలా గీత గీయండి. స్పందించే ముందు కొన్ని సెకన్లు ఆగే సెట్టింగ్ కూడా చాలా బోర్డుల్లో ఉంటుంది, దాన్ని పెంచండి. 120 ఫ్యాన్‌లు 700, 800 మధ్య ఉంటే మా గదిలో మూడడుగుల దూరం నుంచి వినపడవు.

గదిలో వేడి ఎంత పెరిగితే లోపలి వేడి కూడా సుమారు అంతే పెరుగుతుంది. డిసెంబర్ రాత్రి గది 20 డిగ్రీలు ఉన్నప్పుడు 58 చూపించిన ప్రాసెసర్, అదే పని, అదే ఫ్యాన్ స్పీడుతో మే నెలలో గది 37 ఉన్నప్పుడు 75 చూపిస్తుంది. చాలా ప్రాసెసర్‌లు 95, 100 మధ్యకు వెళ్లాక తమ స్పీడు తామే తగ్గించుకుంటాయి కాబట్టి 75 చూసి టెన్షన్ పడక్కర్లేదు, కానీ చలికాలంలో గీసిన గీత ఎండాకాలం రాత్రంతా ఫ్యాన్‌ను పైనే ఉంచుతుంది. నేను రెండు ప్రొఫైల్స్ సేవ్ చేసుకున్నాను, మార్చి చివర్లో ఒకటి, వానలు పడ్డాక ఇంకోటి.

ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చే చిన్న కూలర్ అరుస్తుంటే దాని ఫ్యాన్ ఒక్కటే మార్చాలని చూడకండి, దానికి మామూలు ఫ్రేమ్ ఉండదు, బయట దొరికే సైజులు కుదరవు. సుమారు రెండు వేలకు 120 ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ వస్తుంది, అది పెట్టుకోవడమే దారి. పెట్టే ముందు క్యాబినెట్ వెడల్పు కొలుచుకోండి, ఆ టవర్‌లు ఆరంగుళాల ఎత్తుంటాయి, సన్నటి క్యాబినెట్ తలుపు మూసుకోదు.

ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ సంగతి వేరు. ప్లగ్ తీసేసినా లోపల కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. అది గరగరమంటుంటే వారంటీలో మార్పించుకోండి, వారంటీ అయిపోతే కొత్తది కొనండి. వీడియోలు చూసి స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు, ఈ ఒక్క విషయంలో నా మాట వినండి.

బిగించేటప్పుడు గాలి ఎటు పోతుందో చూసుకోవాలి, ఫ్రేమ్‌కు మోటారును పట్టి ఉంచే కమ్మీలు, స్టిక్కర్ ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. స్క్రూల బదులు రబ్బరు పిన్‌లు ఇస్తే అవే వాడండి, అదురు రేకుకు పాకదు. వెనక రేకు చిల్లులే గుయ్‌మనిపిస్తుంటే, ఫ్యాన్‌కూ రేకుకూ మధ్య ఐదారు మిల్లీమీటర్ల రబ్బరు ఫ్రేమ్ పెడితే చాలావరకు తగ్గుతుంది. నేను స్టేషనరీ షాపులో కొన్న దళసరి ఫోమ్ షీటును ఫ్రేమ్ ఆకారంలో కత్తిరించి పెట్టాను, పొడుగు స్క్రూలు వేయాల్సి వచ్చింది. బిగించాక రెండు మూడు రాత్రులు మళ్లీ ఆ న్యూస్‌పేపర్ గొట్టంతో వినండి. మంచి కంపెనీ ఫ్యాన్‌లలోనూ అప్పుడప్పుడు ఒకటి టికటికమనేది తగలొచ్చు, అలాంటిది సర్దుకుంటుందిలే అని ఉంచుకోకుండా, వాపసు గడువు ముగియకముందే బిల్లు, డబ్బాతో సహా తీసుకెళ్లి మార్చుకోండి. నేను తెప్పించిన మూడింటిలో ఒకదాన్ని అలాగే తిప్పి పంపాను.